మూడు మండలాల భూగర్భ జల అధ్యయనానికి మా సంఘం సొమ్ము పెట్టవచ్చునా?

పెన్నగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం.

మాది అనంతపురం జిల్లా కుందుర్పి మండలం. కుందుర్పి, కంబదూరు, కళ్యాణదుర్గం మండలాలకు చెందిన 11 గ్రామాల రైతులం కలిసి తొమ్మిదేళ్లుగా ఒక ఉత్పత్తిదారుల సంఘం నడుపుకొంటున్నాము. దానికి నేను కోశాధికారిని. వేరుశనగ విత్తనం మీదా, చీనీకాయల (బత్తాయిల) ఉమ్మడి అమ్మకం మీదా ఇన్నేళ్లలో సంఘానికి మిగిలిన సొమ్ము 58 లక్షల రూపాయలు. అందులో 42 లక్షలు ఒక భూగర్భ జల అధ్యయనానికి ఇవ్వాలా వద్దా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చవలసి ఉంది. పాలకవర్గంలో తొమ్మిది మందిమి ఉన్నాము. నలుగురు ఇవ్వాలంటున్నారు, నలుగురు వద్దంటున్నారు, మిగిలిన ఓటు నాది.

ప్రతిపాదన తెచ్చినది నీటి రంగంలో సలహాలిచ్చే ఒక ప్రైవేటు బృందం. మా 11 గ్రామాల్లోని బావులు, బోర్లన్నింటినీ లెక్కగట్టడం, 60 చోట్ల భూమిలోకి విద్యుత్తు పంపి రాతిపొరల తీరు చూడడం, నాలుగు కొత్త పరిశీలక బోర్లు వేయడం, నీటి నమూనాలు పరీక్షించడం, చివరికి కంప్యూటరులో ఒక నమూనా కట్టి, ఎంత నీరు వస్తోంది, ఎంత తోడుతున్నాము, ఇలాగే తోడితే పదేళ్లకు ఏమవుతుంది అన్నది చెప్పడం అందులోని పనులు. గడువు 18 నెలలు.

ఇవ్వాలనేవారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. గత రెండు వేసవుల్లో మా సభ్యులు వేయించిన బోర్లలో సగానికి పైగా నీళ్లు పడలేదు. ఒక్కొక్క బోరుకు కేసింగు, మోటారు, తీగలతో కలిపి రెండు లక్షలకు తక్కువ కావడం లేదు గనుక, ఇరవై ఒట్టి బోర్లు తప్పితే అధ్యయనం ఖర్చు తిరిగి వచ్చినట్టేనని వారు అంటున్నారు. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టి చూసేవారికీ, వేపమండ పట్టుకొని తిరిగేవారికీ ఇచ్చిన డబ్బు కలుపుకొంటే ఇంకా తక్కువే సరిపోతుందట.

వద్దనేవారి వాదన కూడా నాకు సబబుగానే తోస్తోంది. కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్ర భూగర్భ జల శాఖ ఏళ్ల తరబడి మట్టాలు కొలుస్తూనే ఉన్నాయి. 2012లో మొదలైన నాక్విమ్ కార్యక్రమం కింద దేశంలోని జలస్తరాలకు, అంటే భూమిలో నీరు ఉండే పొరలకు, పటాలు కూడా గీశారు. ప్రజల పన్నుతో ఒకసారి జరిగిన పనికి మళ్లీ మా చీనీకాయల డబ్బు ఎందుకు పెట్టాలని వారి ప్రశ్న. అదే సొమ్ముతో తెగిపోయిన చెక్‌డ్యాములు బాగుచేసుకోవచ్చు, వాననీటిని నేలలోకి ఇంకించే ఊటకుంటలు నాలుగు తవ్వించవచ్చు, డ్రిప్పు లేని సభ్యులకు రైతువాటా కట్టవచ్చు. జీడిపల్లి జలాశయం నుంచి భైరవానితిప్పకు హంద్రీనీవా నీరు వచ్చే మాట నిజమైతే ఈ లెక్కలన్నీ మారిపోతాయని ఒక పెద్దాయన అంటున్నారు. ఆ నీటి కోసం ఎదురుచూస్తూ ఆయన జుట్టు నెరిసింది గనుక ఆ మాటను నేను నవ్వి వదిలేయలేను.

నేను తెలుసుకోగోరేది ఇది. ఇంత ప్రాంతానికి చేసే అధ్యయనం మాకు ఇప్పటికే తెలియని సంగతి ఏదైనా చెప్పగలదా? చెబితే దానివల్ల మేము చేసే పని ఏదైనా మారుతుందా? ఈ రంగంలో పనిచేసినవారు, ఇలాంటి నివేదికలకు డబ్బు ఇచ్చిన అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం చెప్పగలరని కోరుతున్నాను.


రాతిపొర

కోశాధికారి గారికి నమస్కారం. రాయలసీమ జిల్లాల్లో భూగర్భ జల పరిశోధనలో 28 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ ప్రతిపాదన పత్రం నేను చూడలేదు కాబట్టి ఆ బృందం గురించి మంచీ చెడూ చెప్పను. మీ నేల గురించి మాత్రం చెప్పగలను.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రాంతీయ అధ్యయనం బోరు పాయింటు చూపదు. మీది గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్ల నేల. పైన పది ఇరవై మీటర్ల మేర శిథిలమైన రాయి, దాని కింద పగుళ్లు. చాలాచోట్ల వంద మీటర్ల లోపలే ఆ పగుళ్లు కూడా పలచబడిపోతాయి. డ్రిల్లింగు వారు గ్యాపు అనేది ఈ పగులునే. ఒక పగులు ఈ చేలో ఉండి పక్క చేలో లేకపోవచ్చు. నాక్విమ్ పటాలు గీసినది 1:50,000 కొలతలో, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. మీరు చెప్పిన 60 సర్వే స్థలాలను 11 గ్రామాలకు పంచితే ఊరికి ఐదో ఆరో వస్తాయి. వాటితో ఫలానా సర్వే నంబరులో నీరు పడుతుందని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీకీ కొబ్బరికాయకూ పెద్ద తేడా లేదు. కాబట్టి ఇరవై ఒట్టి బోర్లు తప్పుతాయన్న లెక్కతో మాత్రం ఈ సొమ్ము మంజూరు చేయకండి. బోరు వేసే ముందు ఆ చేలోనే సర్వే చేయించుకోవడం వేరే పని, దాని ఖర్చు కూడా వేరు.

మరి ప్రాంతీయ అధ్యయనం ఎందుకు పనికివస్తుంది? మొత్తం ఆదాయం ఎంత, ఖర్చు ఎంత అన్నది తేల్చడానికి. ఈ లెక్కలో ముతక భాగం మీరే ఇంట్లో కూర్చొని వేసుకోవచ్చు. అనంతపురం జిల్లాలో సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక ఎకరం మీద అంత వాన కురిస్తే అది 22 లక్షల లీటర్లు. మీవంటి శిథిల గ్రానైటు నేలల్లో వానలో 8 నుంచి 11 శాతం మాత్రమే కిందికి ఇంకుతుందని ప్రభుత్వ అంచనా పద్ధతిలో లెక్క తీసుకుంటారు. పది శాతం అనుకుందాం, ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. ఇప్పుడు గంటకు 10,000 లీటర్లు పోసే బోరును రోజుకు ఏడు గంటల చొప్పున నూరు రోజులు నడిపితే 70 లక్షల లీటర్లు. అంటే ఒక్క బోరు ఒక్క పంటకాలంలో దాదాపు 32 ఎకరాల మీద ఇంకిన నీటిని తాగేస్తుంది. మీ గ్రామాల విస్తీర్ణాన్ని 32తో భాగించి, వచ్చిన సంఖ్యను నడుస్తున్న బోర్ల సంఖ్యతో పోల్చి చూడండి. ఆ ఫలితం చూశాక కూడా నమూనా కట్టి చెప్పవలసింది ఏముందని మీకు అనిపించవచ్చు.

ఉంది. అది ఆ పది శాతం దగ్గరా, దానికంటే ముఖ్యంగా రాయి తనలోని నీటిని వదిలే శక్తి దగ్గరా ఉంది. నీటిమట్టం ఒక మీటరు దిగితే నేలలోంచి నిజంగా ఎంత నీరు పోయినట్టు? శిథిల రాతిలో బంకమన్ను ఎక్కువగా ఉంటే ఆ శక్తి ఒకటిన్నర శాతం వరకు, తక్కువగా ఉంటే మూడు శాతం వరకు ఉంటుందని పుస్తకం చెబుతుంది. మీ ఊళ్లో వేసవికి మట్టం ఆరు మీటర్లు దిగిందనుకోండి. మొదటి లెక్కలో పోయిన నీరు 90 మిల్లీమీటర్లు, రెండో లెక్కలో 180. కొలత ఒక్కటే, జవాబు రెండింతలు. ఒక లెక్క ప్రకారం మీ గ్రామం గట్టెక్కవచ్చు, ఇంకో లెక్క ప్రకారం మునిగిపోవచ్చు. ప్రభుత్వ వర్గీకరణలో కూడా వచ్చే నీటిలో 70 శాతం వరకు వాడితే సురక్షితం, 90 దాటితే సంక్లిష్టం, నూరు దాటితే అతివినియోగం. ఆ గీతల మధ్య దూరం చూస్తే రెండింతల పొరపాటు ఎంత పెద్దదో మీకే అర్థమవుతుంది.

అందుచేత ఆ బృందాన్ని మీరు మొదట అడగవలసిన ప్రశ్న, ఈ శక్తిని మా నేలలో కొలుస్తారా, పుస్తకంలోంచి తీసుకుంటారా అన్నది. కొలవడమంటే నడుస్తున్న బోర్లలో పంపింగు పరీక్షలు చేయడం, అంటే చుట్టుపక్కల మోటార్లు ఆపించి, ఒక బోరును గంటల తరబడి నడిపి, ఆపాక మట్టం ఎంత వేగంగా తిరిగి లేస్తుందో నిమిషాల లెక్కన రాసుకోవడం. ఒక్కొక్క పరీక్షతో పగుళ్ల గుణమే ఎక్కువగా తెలుస్తుంది గనుక, దానికి తోడు పెద్ద వానకు ముందూ వెనుకా మట్టాల తేడా కూడా చూడాలి. మీరు చెప్పిన పనుల్లో పంపింగు పరీక్షల మాట లేదు. ప్రతిపాదనలోనే లేకపోతే, పుస్తకపు అంకెలను 42 లక్షలకు రంగుల పటాలుగా మార్చి ఇస్తున్నారని అనుకోవాలి.

రెండో సంగతి కాలం. 18 నెలలంటే ఎప్పుడు మొదలుపెడతారన్న దాన్ని బట్టి ఒక వర్షాకాలమే చిక్కవచ్చు. మన దగ్గర ప్రధానమైన వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది, అది ఏటా ఒకే తీరున పడదు. ఒక్క ఏడాది చూసి సగటు చెప్పడం, ఒక్క దీపావళి అమ్మకం చూసి దుకాణానికి ధర కట్టడం వంటిది. కనీసం రెండు వర్షాకాలాలు పడేటట్టు ఒప్పందం ఉండాలి.

మూడోది, నాలుగు కొత్త పరిశీలక బోర్లు అవసరమా అని నాకు అనుమానం. మీ 11 గ్రామాల్లో ఒట్టిపోయిన బోర్లకు కొదవ ఉండదు. వాటిలో నాలుగు బిందెలు నీళ్లు పోసి చూడండి. పోసిన నీరు త్వరగా దిగిపోయి పాత మట్టానికి చేరితే ఆ బోరుకు పగుళ్లతో ఇంకా సంబంధం ఉన్నట్టు, దాన్ని పరిశీలనకు వాడుకోవచ్చు. నీరు అలాగే నిలిచిపోతే పూడిపోయినట్టు. కేసింగు మూతికి తాళం వేసిన మూత బిగించడానికి అయ్యే ఖర్చు కొత్త బోరుతో పోలిస్తే ఎంతో చెప్పనక్కరలేదు.

నల్లరాతి గోడల గురించి కూడా రాయాలి. మన జిల్లాలో డోలరైటు రాయి గ్రానైటును చీల్చుకొని గోడలుగా నిలిచిన చోట్లు ఎన్నో. పైన గుండ్ల వరుసలా కనిపించే ఈ గోడ భూమి లోపల నీటికి అడ్డుకట్ట కావచ్చు. ఎగువ పక్క బోర్లలో నీళ్లుండి, దిగువ పక్క ఎండిపోయిన ఊళ్లను నేను చాలా చూశాను. మీరు ఊటకుంట తవ్వాలనుకొన్న చోటు ఆ గోడకు ఏ వైపున ఉన్నది అన్నదాని మీద ఆ నీరు ఎవరి బోరుకు చేరుతుందన్నది ఆధారపడి ఉంటుంది. నా లెక్కలో ఈ అధ్యయనం మీకు నిజంగా డబ్బు మిగిల్చే చోటు ఇదే. వద్దనేవారు అడుగుతున్న ఊటకుంటలు ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ఇది పనికివస్తుంది. ఆ రెండు పక్షాలూ అనుకొంటున్నంత దూరంలో లేవు.


చీనీతోట

నాదీ కళ్యాణదుర్గం పక్కనే. రాతిపొర గారి లెక్క సరైనదే కావచ్చు, కాని ఆ లెక్క తేలాక ఏమి చేస్తారు? 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలి, అనుమతి ఉండాలి. మా తోట చుట్టూ ఆ దూరం ఎవరు పాటించారో నేను చూపిస్తాను రండి. చట్టం చెప్పినా ఆగనివారు నివేదిక చెబితే ఆగుతారా? నా చీనీ చెట్లు ఎండిపోతుంటే మీ సంఘం పటం చూపించి మోటారు కట్టేయమంటే నేను కట్టేయను. ఈ మాట కటువుగా ఉండవచ్చు, కాని మీ సమావేశంలో నావంటివారే ఎక్కువమంది కూర్చొని ఉంటారు.


కొలతల పుస్తకం

చీనీతోట అన్న చెప్పింది మనసులో మాట. దానికి జవాబు నా అనుభవంలోంచి ఇస్తాను. 2003 నుంచి కొన్నేళ్లపాటు నెదర్లాండ్సు నిధులతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు సహా అప్పటి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకొనే పథకం ఒకటి నడిచింది. దాన్ని ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవారు. ఆరు వందలకు పైగా ఊళ్లలో జరిగింది. మా ఊళ్లో కొలతలు తీసిన ఇద్దరిలో నేనొకదాన్ని. అప్పటికి నేను పదో తరగతి తప్పి ఇంటి దగ్గర ఉన్నాను.

పదిహేను రోజులకొకసారి ఎంచుకొన్న బోర్లలో మట్టం కొలిచేదాన్ని. వాన పడిన రోజున పొద్దున్నే వానకొలత పాత్ర చూసి, ఊరి మధ్య గోడ మీద రాసేదాన్ని. రబీకి ముందు ఊరంతా కూర్చొని, ఈ ఏడు నేలలో ఉన్న నీరు ఇంత, మీరు వేయాలనుకొన్న పంటలకు కావలసింది ఇంత అని గోడ మీదే లెక్క కట్టేవారు. ఎవరినీ ఏ పంటా వేయవద్దని ఆ పథకం శాసించలేదు. ఎవరి మోటారూ కట్టేయలేదు. లెక్క చూశాక ఎవరికివారు నిర్ణయించుకోవడమే. మొదటి ఏడాది ఆ గోడను ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏడాది లెక్క చెప్పినట్టే ఫిబ్రవరి నెలాఖరుకు మూడు బోర్లు ఆగిపోయి వరి ఎండిపోయింది. మూడో ఏడాది వరి మడులు తగ్గాయి. అందరూ మారారని చెప్పను. మా పెదనాన్న చివరి వరకు మారలేదు. కాని అప్పు తెచ్చి కొత్త బోరు వేద్దామనుకొన్నవారిలో కొందరు గోడ చూసి ఆగారు.

ఇక్కడ నేను చెప్పదలచిన తేడా ఒకటి ఉంది. గోడ మీది అంకె నేను కొలిచినది, ఎవరి బోరులో కొలిచానో ఊరందరికీ తెలుసు. అనుమానం ఉన్నవారు నాతో వచ్చి చూసుకొన్నారు. బయటినుంచి వచ్చిన బృందం కారు దిగి కొలుచుకొని వెళ్లి, 18 నెలల తర్వాత తెచ్చి ఇచ్చే అంకెకు ఆ నమ్మకం ఉండదు. అది శాస్త్రప్రకారం మరింత సరైనదైనా ఉండదు. కోశాధికారి గారూ, మీ 42 లక్షల్లో మీ ఊళ్ల పిల్లలకు కొలతలు నేర్పడానికి, వారికి నెలనెలా ఏదో ఒక గౌరవ వేతనం ఇవ్వడానికి ఎంత కేటాయించారో చూడండి. ఏమీ లేకపోతే ఆ బృందం వెళ్లిన మర్నాడే కొలతలు ఆగిపోతాయి. మా పథకం నిధులు ఆగిపోయాక మా ఊళ్లో ఆ గోడకు సున్నం కొట్టి ఎన్నికల గుర్తు వేశారు.

నీటి పరీక్షల్లో ఫ్లోరైడు తప్పక ఉండాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతి. మన జిల్లా గ్రామాలకు పైపుల ద్వారా నీరు తెచ్చిన సత్యసాయి తాగునీటి పథకం 1990లలో ఎందుకు అవసరమైందో మీకు గుర్తుండే ఉంటుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉంటుంది గనుక ఈ సంగతి పంటతో ముడిపడినదే.


పెన్నగట్టు

అందరికీ కృతజ్ఞతలు. ప్రతిపాదన పత్రం మళ్లీ తీసి చదివాను. పంపింగు పరీక్షలు రెండే ఉన్నాయి, అవీ కొత్తగా వేసే పరిశీలక బోర్లలోనే. స్థానికులకు శిక్షణ అన్న శీర్షిక కింద ఒక్కరోజు అవగాహన సదస్సు, భోజనాల ఖర్చు ఉంది. ఇప్పుడు నాకు ఇంకొక సందేహం వచ్చింది. మా కుందుర్పి మండలానికి ఆనుకొని కర్ణాటక ఉంది. మా వంకల్లో కొన్నింటికి పైభాగం అటే. సరిహద్దు దగ్గర ఆగిపోయిన అధ్యయనానికి విలువ ఉంటుందా? డబ్బు విడుదల ఎలా చేయాలన్నది కూడా ఎవరైనా చెప్పగలరా?


బద్వేలు వాసి

బ్యాంకులో అప్పులు ఇచ్చే కుర్చీలో ముప్పై ఏళ్లు కూర్చొన్నవాణ్ణి. నీటి శాస్త్రం నాకు రాదు, కాగితం ఎక్కడ మోసం చేస్తుందో కొద్దిగా తెలుసు.

మీ సరిహద్దు ప్రశ్న చూడగానే మా పోరుమామిళ్ల చెరువు గుర్తుకొచ్చింది. శక సంవత్సరం 1291లో, అంటే 1369లో, విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తప్పించుకోవలసిన ఆరు దోషాలు అందులో ఉన్నాయి. అంగాల్లో రాజు తర్వాత చెప్పింది జలశాస్త్రం తెలిసిన పండితుణ్ణి. అంటే ఆనాడు కూడా చదువుకొన్నవాడికి డబ్బు ఇవ్వకుండా పని మొదలుపెట్టలేదు. దోషాల్లో ఒకటి చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం. ఇంకొకటి నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం. మీ మండలానికి ఈ రెండు దోషాలూ ఉన్నాయి. మొదటిదాన్ని మీరు మార్చలేరు గాని తెలుసుకోవచ్చు. 2019 డిసెంబరులో మొదలైన అటల్ భూజల్ యోజన ఏడు రాష్ట్రాల భూగర్భ జల పథకం. అందులో కర్ణాటక ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. అటువైపు పంచాయతీల దగ్గర మట్టాల లెక్కలు ఏమైనా ఉన్నాయేమో వెళ్లి అడగడానికి బస్సు ఛార్జీ తప్ప ఖర్చు లేదు.

ఇక సొమ్ము సంగతి. మా ఊరి సొసైటీ ఒకప్పుడు ఇలాంటి నివేదిక ఒకటి చేయించింది. మొత్తం డబ్బు నివేదిక చేతికి రాకముందే చెల్లించారు. వచ్చిన నివేదికలో మరొక జిల్లా పేరు రెండుచోట్ల మార్చడం మరిచిపోయారు. అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అందుచేత నేను చెప్పేవి మూడు.

కొలిచిన ప్రతి అంకె, సర్వే స్థలాల వివరాలతో సహా, ఎప్పటికప్పుడు సంఘానికి ఇవ్వాలి. దాని మీద హక్కు సంఘానిదే అని ఒప్పందంలో రాయించుకోండి. అచ్చు వేసిన నివేదిక కంటే ఆ అంకెలే మీ ఆస్తి, రేపు ఇంకొక నిపుణుడికి చూపించుకోవచ్చు.

రెండోది, చివరి పాతిక శాతం సొమ్మును నమూనా నిజమైందో లేదో చూశాకే ఇవ్వండి. మీరు ఇరవై బోర్లు ఎంచండి. రాబోయే మే నెలలో వాటిలో మట్టం ఎంత ఉంటుందో వారు డిసెంబరులోనే రాసి, కవరులో పెట్టి, సీలు వేసి మీకివ్వాలి. వాన, తోడకం లెక్కలు మీరే ఇవ్వవచ్చు. మేలో అందరి ముందు కవరు విప్పి కొలతలతో పోల్చండి. పదేళ్ల తర్వాత ఏమవుతుందో చెబుతామన్నవారు ఐదు నెలల మాట చెప్పడానికి వెనుకాడకూడదు. వెనుకాడితే మీకు జవాబు దొరికినట్టే.

మూడోది, చీనీతోట గారి ప్రశ్నకు సంబంధించినది. డబ్బు మంజూరు చేసే తీర్మానంలోనే, ఫలితం ఇలా వస్తే సంఘం ఈ పని చేస్తుంది, అలా వస్తే ఆ పని చేస్తుంది అని రాయండి. మోటార్లు కట్టేయమని రాయవద్దు, అది జరగదు. మీ చేతిలో ఉన్నవి విత్తనం, అప్పు, డ్రిప్పు వాటా, ఊటకుంటల డబ్బు. తోడకం నూరు శాతం దాటిన గ్రామంలో కొత్త బోరుకు సంఘం అప్పు ఇవ్వదని రాయగలరా? ఆ వాక్యానికి సర్వసభ్య సమావేశం ఒప్పుకొంటే అధ్యయనం చేయించండి. ఒప్పుకోకపోతే ఎంత గొప్ప అధ్యయనమైనా మీకు అవసరం లేదు, ఆ డబ్బుతో చెక్‌డ్యాములే కట్టుకోండి.


పెన్నగట్టు

నిన్న పాలకవర్గం కూర్చొన్నది. బద్వేలు పెద్దాయన చెప్పిన ఆ వాక్యాన్ని యథాతథంగా చదివి వినిపించాను. అరగంట గొడవ జరిగింది. తమాషా ఏమిటంటే అధ్యయనం కావాలన్న నలుగురిలో ఇద్దరు ఆ వాక్యానికి ఒప్పుకోలేదు, వద్దన్నవారిలో ముగ్గురు ఒప్పుకొన్నారు. చివరికి అప్పు ఇవ్వదు అన్న చోట, డ్రిప్పు లేని తోటకు వేసే కొత్త బోరుకు అప్పు ఇవ్వదు అని మార్చి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని తేల్చాము.

42 లక్షలు ఇవ్వడం లేదు. మొదటి దశకు 9 లక్షలు ఇద్దామని నేను ప్రతిపాదించబోతున్నాను. అందులో బావులు, బోర్ల లెక్క, నడుస్తున్న ఆరు బోర్లలో పంపింగు పరీక్షలు, ఫ్లోరైడు సహా నీటి పరీక్షలు, ప్రభుత్వ శాఖల దగ్గర ఉన్న మా మండలాల మట్టాల సేకరణ, ఊరికి ఇద్దరు చొప్పున 22 మంది యువతీయువకులకు రెండు వర్షాకాలాలు కొలతలు తీయడానికి గౌరవ వేతనం ఉంటాయి. నల్లరాతి గోడల పటం కూడా ఈ దశలోనే కావాలని అడిగాము. ఊటకుంటలకు 10 లక్షలు విడిగా తీసిపెట్టి, ఆ పటం వచ్చాక చోటు ఎంచుతాము. పరిశీలక బోర్లు, కంప్యూటరు నమూనా సంగతి రెండో వర్షాకాలం అయ్యాక చూద్దాము. ఆ బృందం ఇందుకు ఒప్పుకొంటుందో లేదో ఇంకా చెప్పలేదు. సీలు కవరు మాట విని మాత్రం వారి పెద్ద నవ్వి, ఆలోచించి చెబుతానన్నారు.

కొలతల పుస్తకం అక్కా, ఒక్క చిన్న విషయం. మట్టం కొలవడానికి ఏ సమయం మంచిది? మా దగ్గర త్రీఫేజు కరెంటు వేళలు వారానికొక తీరున మారుతున్నాయి.


కొలతల పుస్తకం

కరెంటు వచ్చే ముందు, మోటారు ఆగి కనీసం ఆరేడు గంటలైనా అయ్యాక కొలవండి. పగటి కరెంటు వారమైతే తెల్లవారుజామున, రాత్రి కరెంటు వారమైతే సాయంత్రం. ఆ బోరు ఆగితే చాలదు, పక్క చేలో మోటారు కూడా ఆగి ఉండాలి. నడుస్తూ ఉంటే ఎవరిది, ఎప్పటినుంచి అని అంకె పక్కన రాయమని చెప్పండి. కేసింగు అంచు నుంచి కొలిచారా, నేల మట్టం నుంచి కొలిచారా అన్నది మొదటి రోజే ఒకటి నిర్ణయించి, కేసింగు మీద ఎర్ర రంగుతో గీత పెట్టించండి. మేము ఆ గీత పెట్టకపోవడం వల్ల మొదటి ఆరు నెలల పుస్తకం పారేయవలసి వచ్చింది.